అప్‌డేట్: అమ్మను ఆ ఇంట్లో నుంచి తీసుకురావాలా అని అడిగాను

ఆరు నెలల క్రితం అడిగింది గుర్తుచేస్తాను. నాన్న తాగి కొట్టి వదిలేసి వెళ్లాక అమ్మ మరొకతనితో ఉంటోంది, అతనూ కొడుతున్నాడు. పెళ్లి కాలేదు కాబట్టి కేసు నిలవదని చుట్టాలు తేల్చేశారు. చిన్నప్పుడు నన్ను చితకబాదిన మనిషి కోసం నేనెందుకు తిరగాలని కూడా రాశాను.

మీలో ఒకరు చెప్పినట్టే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేశాను. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్లమన్నారు. 2005 నాటి గృహ హింస చట్టం పెళ్లిలాంటి సహజీవనానికీ వర్తిస్తుందని, ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచితంగా లాయరును ఇస్తారని అక్కడే తెలిసింది. రెండుసార్లు అమ్మ సగంలోనే లేచి వచ్చేసింది. "నా కాపురం కూల్చడానికే పుట్టావే" అని నడిరోడ్డు మీద తిట్టింది. నేనూ అనరాని మాటలన్నాను. మూడోసారి వాచిన కన్నుతో తనే వచ్చి, వెళ్దాం పద అంది. చివరికి మేజిస్ట్రేటు కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చింది.

ఇప్పుడు గుంటూరులో నా గదిలోనే ఉంటోంది. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తోంది, ఎప్పటిలాగే. మొన్న రాత్రి మంటపుట్టిన ఆ చేతులకు కొబ్బరినూనె రాస్తుంటే, "ఈ చేతులతోనే కదే నిన్ను కొట్టింది" అంది. అవును. ఆ దెబ్బకు చెంపతోపాటు కళ్లూ మండేవి. నేనేమీ అనలేదు, నూనె రాయడం ఆపలేదు.

క్షమించానా అంటే చెప్పలేను. నిన్న కూడా అద్దె డబ్బుల దగ్గర అరుచుకున్నాం. అలిగి అటు తిరిగి పడుకుంది కానీ, నా కంచంలో అన్నం పెట్టి మూత వేసింది.