అప్‌డేట్: "నేను" అనేదే లేనప్పుడు నా వాటా అడగడం స్వార్థమేనా?

రెండు నెలల క్రితం పర్లాకిమిడి నుంచి ఇక్కడ అడిగాను, గుర్తుందా, "నేను" అనేదే లేదనే బౌద్ధం ప్రకారం నాన్నగారి ఇంట్లో నా వాటా అడగడం స్వార్థమా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. జిరంగో బౌద్ధ విహారానికి వెళ్లి అడగమన్న సలహాయే పనిచేసింది. మన గజపతి జిల్లాలోనే ఉంది, 2010లో దలైలామా ప్రారంభించినది.

అక్కడి భిక్షువు నేను రాసుకెళ్లిన ఫిర్యాదుల కాగితం తీసుకుని "నేనే" అన్న చోటల్లా గీత గీయమన్నారు. పదకొండు వచ్చాయి, అన్నీ నాన్నను చూసుకున్నది నేనే అన్న మాటలే. రూపం (శరీరం), వేదన (సుఖదుఃఖాల అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారం (మనసులోని సంకల్పాలు, అలవాట్లు), విజ్ఞానం (ఎరుక) ఈ ఐదింటిలో దేన్నీ "ఇది నేను, ఇది నాది" అని పట్టుకోవద్దనేదే అనాత్మ అట, అంతేగాని మనిషే లేడని కాదు, వాటా వదిలేయమనీ కాదు. నన్ను బాగా తాకింది మానం గురించి, అంటే ఇతరులతో పోల్చుకునే అహం గురించి చెప్పిన మాట: అన్నయ్య కంటే ఎక్కువ అనుకోవడమే కాదు, తక్కువ అనుకోవడం, సమానం అనుకోవడం కూడా అహమే.

ఆ కాగితం పక్కన పెట్టి అన్నయ్యతో, వదినతో కూర్చున్నాను. గంటలో తేలింది. వెనక రెండు గదులు నాకు.