పాత స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిళ్ళలో ఎవరి తయారీ నమ్మదగినది?

ప్రశ్న: టెక్సాస్‌లో స్థిరపడిన నేను గురి పోటీల కోసం అమెరికా సైన్యం వాడిన ఈ రైఫిల్ ఒకటి కొనాలనుకుంటున్నాను. స్ప్రింగ్‌ఫీల్డ్, రాక్ ఐలాండ్, రెమింగ్టన్, స్మిత్-కరోనా తయారీలు దొరుకుతున్నాయి. దేనిని నమ్మవచ్చో అనుభవజ్ఞులు చెప్పగలరా?

సమాధానం 1: పేరు కంటే ముందు సీరియల్ నంబరు చూడండి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 8,00,000కు, రాక్ ఐలాండ్‌లో 2,85,507కు లోపు నంబర్లున్న వాటితో తూటాలు పేల్చకపోవడమే మేలు. ఆ రోజుల్లో కొలిమిలోని ఉక్కు ఎంత కాలిందో పనివాడు దాని రంగును కంటితో చూసి నిర్ణయించేవాడు. ఎండ బాగా కాసిన రోజున ఆ ఎర్రదనం మసకగా కనిపించడంతో ఉక్కును అవసరానికి మించి కాల్చేవారు, దానితో కొన్ని రిసీవర్లు (గొట్టాన్ని, పేల్చే యంత్రాన్ని పట్టి ఉంచే ఉక్కు భాగాలు) పెళుసుబారి, తూటా తొడుగు పగిలినప్పుడు ముక్కలయ్యాయి. 1918లో పద్ధతి మార్చి, ఉష్ణోగ్రతను పరికరాలతో కొలవడం మొదలుపెట్టారు.

సమాధానం 2: మిగతా రెండూ రెండవ ప్రపంచ యుద్ధకాలపువి కాబట్టి వాటికి ఆ బెడద లేదండి. టైపురైటర్ల సంస్థ తుపాకీ ఏం చేస్తుందిలే అని స్మిత్-కరోనాను తీసిపారేయకండి. నా దగ్గరున్నదానికి పైమెరుగు మోటుగానే ఉన్నా, బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) ఇంతవరకు ఒక్కసారీ మొరాయించలేదు. ఏది కొన్నా, మొదటి తూటా పేల్చే ముందు తుపాకీ పనివాడి చేత హెడ్‌స్పేస్ (మూసిన బోల్టుకూ లోపలి తూటాకూ మధ్య ఉండే ఖాళీ) కొలిపించండి.