‘గోల్కొండ హైస్కూల్’కి, దాని పాటలకి అన్యాయం జరిగిందని నాకొక్కడికేనా అనిపించేది?

బైరాగిపట్టెడ బ్యాట్స్‌మన్:
మొన్న ఆదివారం రూమ్‌లో నలుగురం కూర్చుని తెలుగు స్పోర్ట్స్ సినిమాల గురించి మాట్లాడుకుంటున్నాం. ఒకడు ‘జెర్సీ’ అన్నాడు, ఒకడు ‘సై’ అన్నాడు, నేను ‘గోల్కొండ హైస్కూల్’ అంటే ఇద్దరికి అసలు ఆ పేరే తెలియదు, మూడోవాడేమో “అది పిల్లల సినిమా కదరా” అని తీసిపారేశాడు. అప్పట్నుంచి మనసు ఊరుకోవట్లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

చూడనివాళ్ల కోసం చెప్తా. 2011 సంక్రాంతికి వచ్చింది, ఇంద్రగంటి మోహనకృష్ణ డైరెక్షన్, సుమంత్ కోచ్. బడి గ్రౌండ్‌లో ఐఐటీ కోచింగ్ సెంటర్ కట్టాలని ట్రస్టీ సుబ్బరాజు పట్టు, కుదరదని ప్రిన్సిపాల్ తనికెళ్ల భరణి. ఇంటర్ స్కూల్ టోర్నమెంట్ గెలిస్తే గ్రౌండ్ మిగులుతుంది, ఓడితే పోతుంది. పక్కన ‘మిరపకాయ్’, ‘పరమవీర చక్ర’, ‘అనగనగా ఓ ధీరుడు’ ఉంటే పండగ పూట బడి పిల్లల క్రికెట్‌కి టికెట్ కొనేదెవరు? నేనూ థియేటర్లో చూడలేదు, తర్వాతెప్పుడో టీవీలో చూశా.

నాకు అంతగా ఎందుకు పట్టిందో కూడా చెప్పాలి. మా స్కూలు ఇక్కడే తిరుపతిలో. ఎనిమిది అయిపోయి ఎండాకాలం సెలవుల తర్వాత తొమ్మిదో తరగతికి వెళ్లేసరికి గ్రౌండ్‌లో సగం లేదు. పిల్లర్లకి గుంతలు తవ్వేసి, ఇనుప కమ్మీలు నిలబెట్టేసి ఉన్నారు. మేం ఆడీ ఆడీ సిమెంట్‌లా గట్టిపడిన పిచ్ మీద ఒక ట్రాక్టర్ ఇసుక పోసి ఉంది. వికెట్లుగా పెట్టుకునే మూడు సరుగుడు కర్రలు ఆ ఇసుకలో కూరుకుపోయి, కొసలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. వాటిని లాగి తీసుకుని ఇంటికెళ్లా. మాకు ఏ కోచ్ రాలేదు, గెలిస్తే ఆపేస్తాం అని ఎవరూ పందెం కట్టలేదు. అందుకే సినిమాలో ఆ పిల్లలకి ఒక్క అవకాశం దొరికినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

పాటలైతే ఇంకా చెప్పాలి. కల్యాణి మాలిక్ సంగీతం. ‘జాగో’ మొదలైతే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. ‘అడుగేస్తే అందే దూరంలో’ వింటూ అలిపిరి మెట్లు ఎక్కా, ఒకసారి కాదు చాలాసార్లు, మోకాళ్ల పర్వతం దగ్గర కాళ్లు మొరాయించినప్పుడు ఆ పాటే మళ్లీ పెట్టుకుంటా. మరి ఇంత మంచి ఆల్బమ్ పేరు ఎవరి నోటా ఎందుకు రాదు? తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు చిన్నోడు:
అన్నా, పాటల విషయంలో నీతోనే ఉన్నా. సినిమా విషయంలో మాత్రం కాదు. ఫస్టాఫ్ బాగా నెమ్మది. సుబ్బరాజు పాత్రకి ఇంకో కోణమే లేదు, వచ్చిన ప్రతిసారీ గ్రౌండ్ కొట్టేయాలన్న మాట తప్ప. మా చిత్తూర్లో కోచింగ్ కావాలని అడిగేది అమ్మానాన్నలే కదా, అప్పు చేసి మరీ చేర్పిస్తారు. వాళ్ల భయాన్ని ఇంకొంచెం లోతుగా చూపించి ఉంటే కథ బరువెక్కేది. ‘సై’లో కూడా గ్రౌండ్ కోసమే గొడవ, అక్కడ రగ్బీ అంటే ఏంటో తెలియని మా నాన్న కూడా సీటు అంచున కూర్చుని చూశాడు. ఆ ఊపు ఇందులో లేదు.

పాటల పెట్టె:
పాటలకి పేరెందుకు రాలేదని అడిగారు కాబట్టి చెప్తున్నా. అదే జనవరిలో, వారం తిరక్కుండానే ‘అలా మొదలైంది’ వచ్చింది. దానికీ సంగీతం కల్యాణి మాలికే! ఆ సినిమా పెద్ద హిట్, దాని పాటలు కాలేజీ పిల్లల ఫోన్లన్నిటిలోకీ వెళ్లిపోయాయి. ఒకే మనిషి చేసిన రెండు ఆల్బమ్‌లలో ఒకటి ఇంకోదాన్ని కప్పేసింది. నేనైతే రెండిట్లో ‘గోల్కొండ’కే ఓటేస్తా.

‘సై’ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. దానికి సంగీతం కీరవాణి, కల్యాణి మాలిక్ ఆయన సొంత తమ్ముడు. 2004లో అన్న, 2011లో తమ్ముడు, ఇద్దరూ గ్రౌండ్ కోసం ఆడే ఆటకే పాటలు కట్టారు. అన్న పాటల్లో యుద్ధానికి పోయే ఊపు ఉంటుంది, కథ కూడా అలాంటిదే, తప్పు పట్టడానికేం లేదు. తమ్ముడి పాటలు పిల్లల వయసుకి తగ్గట్టు ఉంటాయి. హీరో నడిచొస్తుంటే వాయించే బాపతు కాదు, భయపడే కుర్రాడి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేసినట్టు ఉంటుంది. దానికి సిరివెన్నెల గారి మాట తోడైంది. ఆయన 2021లో వెళ్లిపోయాక ఆ వారమంతా టీవీల్లో ఆయన పాటలే వేశారు, నేను చూసినంతలో ఈ సినిమా పాట ఒక్కటీ రాలేదు, చాలా బాధేసింది.

పీఈటీ మాస్టర్:
చిత్తూరు తమ్ముడూ, ఊపు లేదన్నావు కానీ నాకు నచ్చిందే అది. ఈ కథకి మూలం హరిమోహన్ పరువు రాసిన ఇంగ్లిష్ నవల, ఆయన హైదరాబాద్ తరఫున రంజీ ఆడిన మనిషి. అందుకే కోచ్ మాటల్లో గ్రౌండ్ వాసన ఉంటుంది. నిజంగా పిల్లల్ని తయారు చేసేటప్పుడు తొలి నెలంతా ఊపు ఉండదు. టైమ్‌కి రావడం, రౌండ్లు కొట్టడం, క్యాచ్ వదిలేసినవాణ్ణి పక్కవాడు తిట్టకుండా చూడటం, ఇదే పని. సినిమా ఆ పనికి టైమ్ ఇచ్చింది.

నేను ఇరవై ఏళ్లుగా చిత్తూరు జిల్లా బడుల్లో పని చేస్తున్నా. ఆటల పీరియడ్ అంటే లెక్కల సార్ వచ్చి అడిగి తీసుకునే పీరియడ్ అని అందరికీ తెలుసు. పోయిన ఏడాది మండల స్థాయి ఆటలకి ఖోఖో ఆడపిల్లల్ని తీసుకెళ్తుంటే ఆటోలో ఎవరూ మాట్లాడట్లేదు, ఒకమ్మాయి గోళ్లు కొరుక్కుంటోంది, అంత టెన్షన్. ఫోన్‌లో ‘జాగో’ పెట్టాను. రెండోసారి వేసేసరికి పల్లవి అందుకున్నారు, మూడోసారికి డ్రైవర్ కూడా స్టీరింగ్ మీద తాళం వేస్తున్నాడు. సెమీస్‌లో ఓడిపోయాం. తిరిగొచ్చేటప్పుడు “సార్, ఆ పాట పెట్టండి” అని వాళ్లే అడిగారు.

చిత్తూరు చిన్నోడు:
మాస్టారూ, ఆ ఆటో సంగతి చదివాక ఇంకేం వాదిస్తాం. సుబ్బరాజు పాత్ర మీద నా మాట మాత్రం అదే, మార్చుకోను. అన్నట్టు, ఆ టీమ్‌లో పిల్లాడే ‘ఏక్ మినీ కథ’ హీరో సంతోష్ శోభన్ అని మీలో ఎందరికి తెలుసు? ‘వర్షం’ తీసిన శోభన్ గారి అబ్బాయి.

బైరాగిపట్టెడ బ్యాట్స్‌మన్:
అందరికీ థాంక్స్. ‘అలా మొదలైంది’ సంగతి నాకు తట్టనే లేదు. చిన్నోడా, అమ్మానాన్నల భయం గురించి నువ్వన్నది ఒప్పుకుంటున్నా. మా నాన్న కూడా ఆ కొత్త బిల్డింగ్ చూసి “మంచిదే కదరా” అన్నాడు, ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది కానీ ఆయన లెక్క ఆయనది. నెమ్మది అన్నదానికి మాత్రం మాస్టారి మాటే నా మాట.

వచ్చే శనివారం రాత్రి రూమ్‌లో సినిమా వేస్తున్నా, తీసిపారేసిన ఆ మూడోవాణ్ణే ముందు కూర్చోబెడతా. మాస్టారూ, ఈసారి మండల ఆటలు ఎప్పుడో ఇక్కడ రాయండి, మీ అమ్మాయిల ఖోఖో చూడటానికి వస్తాం.