బీపీటీ వరిలో మెడవిరుపు: రెండు రకాలు కలిపి నాటితే?

ప్రశ్న (బాపట్ల వైపు కౌలు రైతు):
అన్నలకు నమస్కారం. 4 ఎకరాలు కౌలుకు చేస్తున్నా. సార్వాలో మొత్తం బీపీటీ 5204 (సాంబ మసూరి) వేశా. నవంబరులో మంచు పట్టిన వారానికే మెడవిరుపు, అదే కంకి మెడకు పట్టే అగ్గితెగులు. కంకులు తెల్లగా నిటారుగా నిలబడ్డాయి, పట్టుకుంటే మెడ దగ్గర నల్లగా విరిగి చేతికొచ్చాయి. రెండుసార్లు మందు కొట్టినా ఎకరాకు 20 బస్తాలు దాటలేదు. చైనాలో రెండు వరి రకాలు కలిపి నాటి అగ్గితెగులు తగ్గించారట. అగ్గితెగులు తట్టుకునే తెలంగాణ సోనాను బీపీటీలో కలిపితే ఎలా ఉంటుంది?

జవాబు 1:
తమ్ముడూ, ఆ పని చేసి దెబ్బతిన్నవాణ్ణి నేనే. అర ఎకరానికి రెండు విత్తనాలూ ఒకే సంచిలో కలిపి నారు పోశా. సోనా పంటకొచ్చేసరికి బీపీటీ ఇంకా పాలు పోసుకుంటోంది. దీనికోసం ఆగితే అది రాలింది. మిల్లు మనిషి గుప్పెడు ధాన్యం అరచేతిలో నలిపి ఊది, "బెరుకు" (రకాలు కలిసిన ధాన్యం) అని ఒక్క మాట అన్నాడు. బస్తాకు 150 కోశాడు. తెగులు తగ్గిందా అని అడక్కు, ఆ ఏడు మా ఊళ్లో ఎవరికీ పెద్దగా రాలేదు.

జవాబు 2:
చైనా సంగతి నిజమే, యునాన్ రాష్ట్రంలో 1998, 99లో చేశారు. కానీ విత్తనం కలిపి చల్లలేదు. తెగులు తట్టుకునే హైబ్రిడ్ నాలుగు సాళ్లు, మధ్యలో పొడుగ్గా పెరిగే జిగురు వరి ఒక సాలు. జిగురు వరికే తెగులు ఎక్కువ, ధర కూడా దానికే ఎక్కువ. విడిగా వేసినదానితో పోలిస్తే అందులో తెగులు 94 శాతం తగ్గింది, దిగుబడి 89 శాతం పెరిగింది. ఈ 89 చూసి మురిసిపోవద్దు, అది జిగురు వరి లెక్కే, చేను మొత్తానిది కాదు. తెగులు తెచ్చే బూజు బీజాలు గాలికి పక్కనున్న హైబ్రిడ్ సాలు మీద పడితే అక్కడ తెగులు పుట్టించలేవు, చేరవలసిన మొక్క దూరమవుతుంది. పైగా పొడుగు కంకులకు గాలి తగిలి మంచు త్వరగా ఆరుతుంది. అక్కడ కోత చేత్తో కాబట్టి రెండూ విడివిడిగా కోసుకున్నారు. మీకు మిషన్ కోత కదా?

ఇంకో మాట. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి గింజ బీపీటీలాగే ఉంటుందని కొందరు అదే కలపమంటారు. దాని బలం ఎండాకు తెగులు మీద, అగ్గితెగులు మీద కాదు.

ప్రశ్న వేసిన రైతు:
మిషనే అన్నా. అందుకే ఈసారి 20 సెంట్లలోనే చూస్తా. మిషన్ పట్టే వెడల్పున పట్టీలు, ఒకటి సోనా, ఒకటి బీపీటీ. సోనా నారు మూడు వారాలు ఆలస్యంగా పోసి, దాని పట్టీలు తర్వాత నాటిస్తా. పట్టీ వెడల్పయితే ఫలితం తగ్గుతుందేమో, చూద్దాం. మా నాట్ల ముఠా మేస్త్రమ్మకు చెబితే, "రెండుసార్లు దిగాలంటే రెండు కూలీలు" అంది. బేరం నడుస్తోంది.