హార్స్‌లీ హిల్స్ బండల మీద ఎర్ర వీపు తొండ: ఏ జాతి?

ప్రశ్న: తల, వీపు ఎరుపు, పక్కలు నలుపు. ఇది పెరటి తొండా, రాతి తొండా? రాతి తొండైతే, ఆ జాతుల్లో డోర్సాలిసా, బ్లాన్ఫోర్డానసా?

జవాబు: ముందు మెడ, వీపు చూడండి. పెరటి తొండకు అక్కడ నిలబడ్డ ముళ్ల వరుస ఉంటుంది, ఒళ్లు పక్కల నుంచి నొక్కినట్టుంటుంది. రాతి తొండకు అలాంటి వరుస ఉండదు, ఒళ్లు పైనుంచి అణిగి ఉంటుంది. రంగును నమ్మకండి. జతకట్టే కాలంలో పెరటి మగ తొండ తల కూడా ఎర్రబడుతుంది. రాతి తొండల్లో ఆడవి, పిల్లలు మచ్చల గోధుమ రంగులోనే ఉంటాయి.

మరో జవాబు: జాతి తేల్చేది పొలుసులే. నడుము మధ్యలో చుట్టూ లెక్కిస్తే బ్లాన్ఫోర్డానస్‌కు సుమారు 80–100, డోర్సాలిస్‌కు 115–150. అంటే డోర్సాలిస్ పొలుసులు చిన్నవి. తూర్పు కనుమల్లో రెండూ ఉన్నాయి కాబట్టి చోటును బట్టి తేల్చడం సరికాదు.

ప్రశ్న: ఫొటోలో లెక్కించవచ్చా?

జవాబు: పూర్తిగా కుదరదండి, పొట్ట వైపు కనబడదు. పైనుంచి ఒకటి, పక్క నుంచి నడుము దగ్గరగా ఒకటి తీసి పెట్టండి, పొలుసుల పరిమాణం పోల్చవచ్చు. అవి మసకగా వస్తే జాతి చెప్పకుండా, రాతి తొండల ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు సామోఫిలస్ దగ్గరే ఆపండి. దయచేసి పట్టుకోవద్దు, అడవిలో దానికి అటవీ శాఖ అనుమతి కావాలి.