“పైసలిచ్చిన గద!” దేనికి ఇచ్చినట్టు?

యాదగిరి (దేవరకొండ): సెక్స్ వర్కర్ల దగ్గరికి పోయేటోళ్ల మాటల్ల మన దిక్కు రెండే వినవడ్తయి: “ఆడికి పోయిన”, “పైసలిచ్చిన”. “కొన్న” అని ఎవరూ అనరు. పేపర్లు రాసే “విటుడు” జనం నోట్ల లేదు. మరి “పైసలిచ్చిన” అనేటోడు దేనికిచ్చిన అనుకుంటున్నడు?

సుజాత (మిర్యాలగూడ): పేచీ అంతా గుత్తకూ కూలికీ నడుమ ఉంది. ఆమె మాట్లాడుకునేది కూలి: ఇంత సేపు, ఒక్క మనిషి, ఈ పని, నిరోధ్‌తోనే. ఆయన మనసుల ఉండేది గుత్త: లోపలికి పోయినంక అంతా నాదే. రేటు ఒక్కటే చెప్పుకున్నరు కాబట్టి ఇద్దరూ ఒప్పుకున్నట్టే కనిపిస్తరు. గొడవ తలుపేసినంక మొదలైతది. తాగి వచ్చినోనికి టైం చాలదు, “వసూల్ కాలే” అంటడు. ఇంకొకడు “ఇంకో రెండు వందలిస్త, తీసేస్త” అని నిరోధ్ మీద బేరం పెడ్తడు. రోగాన్ని కూడా రేటుల కలుపుకోవచ్చనుకునుడే ఇది.

ఇంకోటి, ఇచ్చిందంతా ఆమెకే పోతదని ఆయన లెక్క. మధ్యల బ్రోకర్ ఉంటే వాని వాటా, లాడ్జి అయితే రూం కిరాయి పోంగ మిగిలిందే ఆమెది. “అంత ఇచ్చినంక మొకం మాడ్చుకున్నది” అనేటోనికి ఈ లెక్క తెల్వదు. మళ్ల మళ్ల పోయేటోళ్లు “సాయం చేసిన” అంటరు. ఆ మాటతోని కూలి కాస్త దయ అయితది, ఆమె వద్దంటే “విశ్వాసం లేదు” అనే కోపం అక్కడ్నించే పుడ్తది.

నర్సింలు (జడ్చర్ల): విటుడు గురించి ఒక్క మాట. సంస్కృత నాటకాల్ల విటుడంటే మాటకారి, కళలు తెలిసిన నాగరికుడు. ‘మృచ్ఛకటికం’ నాటకంల దుర్మార్గుడైన శకారుని వెంట ఉండే విటుడు గణిక వసంతసేన మీద జాలిపడ్తడు. పేపరోళ్లు “ఇద్దరు విటుల అరెస్టు” అంటే నాకు నచ్చదు. గిరాకీ అంటే చాలు.

లక్ష్మి (మక్తల్): గుత్త మాట నూటికి నూరు పాళ్లు నిజమక్కా. మా దిక్కు జోగిని సంగతి దానికన్న ఘోరం. ఆడ “పైసలిచ్చిన” అనే మాటే రాదు. “దేవునికిచ్చిన పిల్ల” అన్నరు, ఇచ్చుడు అక్కడ్నే అయిపోయింది, ఇగ మగోనికి అది హక్కు లెక్క. 1988ల చట్టం చేసి నిషేధించిన్రు గని ఆ హక్కు మాట నోళ్లల్ల పోలే.

యాదగిరి: మరి మధ్యల ఆమె వద్దంటే?

సుజాత: ఆగాలె. పైసల సంగతి తర్వాత తేల్చుకోవచ్చు, ఒప్పుకోలు మాత్రం పైసలతోని కొన్నట్టు కాదు. పద్దెనిమిది నిండని పిల్ల అయితే ఆమె ఒప్పుకున్నా చట్టం దృష్టిల ఒప్పుకోలు కాదు, పోక్సో కేసే. ఎవరో అమ్మి తెచ్చిన మనిషని తెలిసీ, లేక అనుమానించడానికి కారణముండీ పోతే భారతీయ న్యాయ సంహిత 144 కింద కనీసం 3 ఏండ్ల కఠిన శిక్ష. “నేను రేటిచ్చిన, తెచ్చినోడు వేరే” అంటే నడవదు. నిరోధ్ పగిలినా, లేకుండ పోయినా ఇద్దరూ 72 గంటల లోపు సర్కారు దవాఖానకు పోవాలె. ఎచ్‌ఐవీ సోకకుండ 28 రోజుల మందులుంటయి. ఎంత జల్ది మొదలుపెడితే అంత మంచిది.