యోబు 38:7లో ఉన్నది దూతలా, పుట్టబోయే మనుషులా?

మోర్మన్ల (కడవరి దిన పరిశుద్ధుల సంఘంవారి) బోధలో దేవదూతలు వేరే జాతి కాదు: మిఖాయేలే ఆదాము, గబ్రియేలే నోవహు. మనుషులందరూ పుట్టకముందే ఆత్మలుగా తండ్రి దగ్గర ఉన్నారంటారు. మిగతా క్రైస్తవ సంఘాల్లో దూతలు విడిగా సృష్టించబడినవారు. మనిషి ఆత్మను దేవుడు అతని అంతరంగంలోనే సృజిస్తాడు (జెకర్యా 12:1).

‘గర్భంలో రూపింపకముందే నిన్నెరిగితిని’ అనే యిర్మీయా 1:5తో పెద్ద చిక్కు లేదు, అది దేవుని ముందెరుక. అసలు ముడి యోబు 38:7: భూమికి పునాది వేసినప్పుడు ఆనందంతో జయధ్వనులు చేసినవారెవరు? హెబ్రీ మూలంలో ‘దేవుని కుమారులు’ అని ఉంటే పాత తెలుగు బైబిల్లో ‘దేవదూతలు’ అని వేశారు. దాంతో ఆ ‘కుమారులు’ పుట్టబోయే మనుషులే అనే మోర్మన్ల వాదన తెలుగు పాఠకుడికి కనిపించనే కనిపించదు! అదే ‘దేవుని కుమారులు’ దేవుని సన్నిధికి వచ్చే యోబు 1:6తో పోలిస్తే నాకు దూతలన్న అర్థమే బలంగా తోస్తోంది. కానీ ‘ఆ దూతలూ మానవాత్మలే’ అంటే వాక్యంలోంచే ఏం జవాబివ్వాలి? హెబ్రీయులకు 12:9లోని ‘ఆత్మలకు తండ్రి’ మాటను కూడా కలిపి, మూలభాషలు తెలిసినవారు దయచేసి వివరించండి.